ఊర్వశి ఎవరు? కృష్ణశాస్త్రి జీవితం, ఆయన కావ్యనాయిక రహస్యం

తెలుగు భావకవిత్వానికి మారుపేరుగా నిలిచిన దేవులపల్లి కృష్ణశాస్త్రిని ఆయన జీవితకాలమంతా వెంటాడిన ప్రశ్న ఒకటుంది. ఆయన కావ్యంలోని ఊర్వశి ఎవరు? ఆమె నిజంగా ఈ నేలపై నడిచిన స్త్రీయా, కోల్పోయిన ఇల్లాలి జ్ఞాపకమా, లేక కవి ఊహలో మాత్రమే వెలసిన మూర్తియా? సభల్లో ఆయన పద్యాలు విని పరవశించిన యువకులు ఈ ప్రశ్న వేసుకున్నారు. ఆ కవిత్వాన్ని ఎగతాళి చేసిన విమర్శకులూ ఇదే ప్రశ్నను వేరే స్వరంతో అడిగారు. కవి మరణించి నాలుగు దశాబ్దాలు దాటినా ఊర్వశి చిరునామా ఎవరికీ దొరకలేదు. అయితే ఆయన జీవితాన్నీ, ఆ కాలపు సమాజాన్నీ కలిపి చూస్తే, ఆమె ఎవరన్న ప్రశ్న కంటే ఆమె ఎందుకు అవసరమైందన్న ప్రశ్న ముఖ్యమైనదని తెలుస్తుంది.

రాజాస్థానపు నీడలో బాల్యం

కృష్ణశాస్త్రి 1897 నవంబరు 1న పిఠాపురం సమీపంలోని చంద్రంపాలెం గ్రామంలో జన్మించారు. ఆ ఇంట పాండిత్యం వంశానుగతంగా వస్తున్న సంపద. తండ్రి తమ్మన్నశాస్త్రి, పెదతండ్రి సుబ్బరాయశాస్త్రి ఇద్దరూ పిఠాపురం సంస్థానంలో ఆస్థాన కవులు. అష్టావధానాలు, సమస్యాపూరణలు, ప్రబంధ పఠనాలు, పండిత చర్చలు బాలుని చెవికి నిత్యం సోకే ధ్వనులు. ఛందస్సు ఆయనకు పుస్తకాల ద్వారా నేర్చుకోవలసిన శాస్త్రంగా గాక, ఇంటి భాషలో భాగంగా అబ్బింది. చిన్ననాటనే పద్యం అల్లడం మొదలుపెట్టారు.

ఆ ఇంట విన్న ప్రబంధాలలో స్త్రీ వర్ణనకు కొదువ లేదు. కేశపాశం మొదలు పాదాల వరకు నాయిక అంగాంగాన్నీ వర్ణించడం కవి సామర్థ్యానికి గీటురాయిగా ఉండేది. ఆ నాయిక రాజకన్య గాని, అప్సరస గాని, వారకాంత గాని అయి ఉండేది. కవి ఆమెను వర్ణిస్తాడే తప్ప తాను ఆమెను ప్రేమించానని చెప్పుకోడు. కావ్యంలోని ప్రేమ నాయకునిదే గాని కవిది కాదు. కృష్ణశాస్త్రి తరం ఈ కట్టడిని తెంచింది. పద్యంలో నేను అన్న మాటకు వారు కవి హృదయాన్ని జోడించారు.

ఆ మార్పుకు విత్తనం పాఠశాలలో పడింది. పిఠాపురం ఉన్నత పాఠశాలలో కూచి నరసింహం, అనంతరం కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆయనకు ఆంగ్ల సాహిత్యంపై అభిరుచి కలిగించారు. షెల్లీ, కీట్స్, వర్డ్స్‌వర్త్ వంటి కవులు ప్రకృతితో మాట్లాడిన తీరు, తమ సుఖదుఃఖాలనే కావ్యవస్తువుగా మలచుకున్న తీరు ఆయన్ను ఆకట్టుకున్నాయి. వెంకటరత్నం నాయుడు సాహిత్యాచార్యుడు మాత్రమే కాదు. బ్రహ్మసమాజ ప్రచారకుడు, సంఘసంస్కర్త. కులభేదాలను, విగ్రహారాధనను, భోగంమేళాలను నిరసించిన ఆ గురువు ప్రభావం శిష్యుని సాహిత్యంపైనే గాక జీవన మార్గంపైనా పడింది.

1918లో విజయనగరంలో పట్టభద్రులైన కృష్ణశాస్త్రి కాకినాడకు తిరిగి వచ్చి, పెద్దాపురం మిషన్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. ఆ కొలువులో ఎక్కువకాలం నిలువలేదు. బ్రహ్మసమాజ కార్యక్రమాలు ఆయన్ను పిలిచాయి. ఆస్థాన పండితుల ఇంట పుట్టిన యువకుడు ఆచారాన్ని కాదని సంస్కరణ పక్షాన నిలవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. బంధువుల నుంచి, ఊరి నుంచి ఎడబాటును కొనితెచ్చుకోవడమే అది. తరువాతి కాలంలో ఆయన ఒక కావ్యానికి ప్రవాసమని పేరు పెట్టడం వెనుక ఈ అనుభవపు నీడ లేదనలేము.

కృష్ణపక్షం వెలువడిన వేళ

1920లో చికిత్స కోసం రైలులో బళ్లారికి ప్రయాణిస్తున్నప్పుడు, దారి పొడవునా కనిపించిన ప్రకృతి ఆయనలో కొత్త కవిత్వానికి ప్రేరణ అయింది. ఆ ప్రేరణ నుంచి రూపుదిద్దుకున్న ఖండకావ్య సంపుటి 'కృష్ణపక్షం' 1925లో వెలువడింది. పేరులోనే శ్లేష ఉంది. అది చంద్రుడు నానాటికీ క్షీణించే చీకటి పక్షం. కృష్ణశాస్త్రి అనే కవి తాను ఎంచుకున్న పక్షం కూడా. తెలుగు పాఠకులు ఆ పుస్తకంలో రాజులను, యుద్ధాలను, అష్టాదశ వర్ణనలను చూడలేదు. ఆకుల్లో, పూలలో, కొమ్మల్లో కరిగిపోయి అడవిలో దాగిపోవాలని కోరుకునే ఒక మనిషిని చూశారు. లోకపు కట్టుబాట్లను లెక్కచేయక స్వేచ్ఛగా పాడుకుంటానని ప్రకటించే గొంతును విన్నారు. ఆ వెంటనే ఏ కారణమూ చెప్పకుండా దుఃఖించే అదే గొంతునూ విన్నారు.

1920ల తొలి సంవత్సరాల్లోనే ఆయన జీవితంలో పెద్ద దెబ్బ తగిలింది. భార్య మరణించారు. అటుపై రాసిన పద్యాల్లో విషాదం మరింత చిక్కబడిందని సాహిత్య చరిత్రకారులు దాదాపు ఏకగ్రీవంగా చెబుతారు. కొంతకాలానికి ఆయన మళ్లీ వివాహం చేసుకున్నారు. పిఠాపురం ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయ పదవి దొరికింది గాని అదీ ఎక్కువకాలం సాగలేదు. ఉద్యోగాన్ని వదలి బ్రహ్మసమాజ సభ్యునిగా, నవ్యసాహిత్య ప్రచారకునిగా ఊరూరా తిరిగారు.

ఆ పర్యటనలే భావకవిత్వాన్ని ఉద్యమంగా మార్చాయి. కృష్ణశాస్త్రి గొప్ప వక్త; అంతకుమించి గొప్ప పఠిత. తన పద్యాలతోపాటు తోటి కవుల పద్యాలను కూడా కళాశాలల్లో, పురమందిరాల్లో, సాహిత్య సభల్లో శ్రావ్యంగా చదివి వినిపించేవారు. అచ్చు పుస్తకం చేరని ఊళ్లకు కూడా ఆ గొంతు ద్వారా కొత్త కవిత్వం చేరింది. అప్పటికి విద్యార్థులుగా ఉన్న ఎందరో యువకులు ఆ పఠనం విని కలం పట్టారు. వారిలో శ్రీశ్రీ కూడా ఉన్నారు. ఆయన తొలి పద్యాలపై కృష్ణశాస్త్రి ముద్ర స్పష్టం.

ఈ సంచారకాలంలోనే 'ప్రవాసం', 'ఊర్వశి' కావ్యాలు వెలువడ్డాయి. ప్రశ్న అక్కడే పుట్టింది.

పాత పేరు, కొత్త ప్రేయసి

ఊర్వశి కథ భారతీయ సాహిత్యంలో అతి ప్రాచీనమైనది. ఋగ్వేదం పదవ మండలంలో పురూరవుడు, ఊర్వశి మధ్య సంవాదం ఉంది. తనను విడిచి వెళుతున్న ఊర్వశిని ఉండిపొమ్మని రాజు వేడుకుంటాడు, ఆమె ఒప్పుకోదు. కాళిదాసు 'విక్రమోర్వశీయం'లో అదే రాజు ప్రియురాలి జాడ కోసం అడవిలోని పక్షులను, మృగాలను అడుగుతూ ఉన్మత్తునిలా తిరుగుతాడు. 19వ శతాబ్ది చివర రవీంద్రనాథ్ టాగూరు ఊర్వశిపై రాసిన బెంగాలీ కవితలో ఆమె తల్లి కాదు, కూతురు కాదు, వధువు కాదు. ఏ కుటుంబ బంధానికీ లొంగని సౌందర్యం. మూడు చోట్లా ఊర్వశి చేతికి అందినట్టే అంది జారిపోయే స్త్రీ.

కృష్ణశాస్త్రి ఆ పేరును తీసుకున్నారు గాని కథను తీసుకోలేదు. ఆయన ఊర్వశి ఇంద్రసభలో నాట్యమాడే అప్సరస కాదు. ఆమెకు నఖశిఖపర్యంత వర్ణన లేదు. ఆకాశం, వెన్నెల, చీకటి, వసంతం వంటి ప్రకృతి రూపాల మధ్య ఆమె కవికి స్ఫురిస్తుంది, అంతలోనే దూరమవుతుంది. కవి కోరేది ఆమె దేహాన్ని కాదు, సన్నిధిని. ఆమె రాక కోసం నిరీక్షణ, వచ్చిందన్న పరవశం, లేదన్న వేదన, ఈ మూడింటి మధ్య కావ్యం నడుస్తుంది. చదివినవారికి ఇంత తీవ్రమైన అనుభూతి వెనుక ఎవరో ఒక నిజమైన స్త్రీ ఉండి తీరాలని తోచడం సహజం.

ఇటువంటి సందేహం తెలుగువారికే ప్రత్యేకం కాదు. సరిగ్గా ఇదే ప్రశ్నతో రెండు వేల ఏళ్లుగా యూరపు పండితులు తలపడుతున్నారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దిలో రోమ్ నగరంలో ప్రొపెర్టియస్ అనే కవి ఉండేవాడు. ఉంబ్రియా ప్రాంతంలోని అస్సిసీ ఆయన స్వస్థలంగా చెబుతారు. అంతర్యుద్ధ కాలపు భూముల జప్తులో కుటుంబ ఆస్తి పోగొట్టుకున్న యువకుడు. ఆయన తొలి కావ్యపు మొట్టమొదటి మాటే సింథియా. అది ఆయన ప్రేయసి పేరు. ఆమె చదువరి, గాయని, కోపిష్ఠి, నిలకడలేనిది. కవిని క్షణంలో స్వర్గానికి ఎత్తి మరుక్షణంలో నేలకు పడవేస్తుంది. చివరి సంపుటంలో ఆమె మరణానంతరం ప్రేతరూపంలో వచ్చి కవిని నిలదీస్తుంది కూడా.

సింథియా అసలు పేరు కాదని రోమన్లకు తెలుసు. డెలోస్ ద్వీపంలోని సింథస్ పర్వతం కవిత్వ దేవత అపోలోకు జన్మస్థలం. ఆ పర్వతం పేరుమీదుగానే ఆమెకు ఈ పేరు. అంటే మానవ స్త్రీపై కవి దివ్యనామపు మేలిముసుగు కప్పాడు. సుమారు 200 ఏళ్ల తరువాత అపులియస్ అనే రచయిత, తనపై వచ్చిన ఇంద్రజాల ఆరోపణకు న్యాయస్థానంలో జవాబిస్తూ, కవులు ప్రేయసులకు మారుపేర్లు పెట్టడం ఆనవాయితీయేనని చెప్పి కొన్ని అసలు పేర్లు బయటపెట్టాడు. ఆయన లెక్క ప్రకారం ప్రొపెర్టియస్ సింథియా అసలు పేరు హోస్టియా. అంతకుముందు తరపు కవి కటుల్లస్ ప్రేమించిన లెస్బియా అసలు పేరు క్లోడియా. అయినా వివాదం తీరలేదు. ఆమె నిజంగా జీవించిన స్త్రీయా, లేక కావ్యసంప్రదాయం సృష్టించిన బొమ్మయా అన్నది ఆధునిక పండితులు ఈనాటికీ చర్చిస్తున్నారు. ఓవిడ్ అనే మరో రోమన్ కవి ప్రేయసి కొరిన్నా ఎవరో ఎవరూ తేల్చలేకపోయారు.

పేరు బయటపడినంత మాత్రాన కావ్యం అర్థమైపోదని రోమ్ అనుభవం చెబుతుంది. హోస్టియా అన్న మాట తెలిసినందువల్ల ప్రొపెర్టియస్ పద్యాల్లో ఒక్కదానికీ కొత్త కాంతి రాలేదు. కానీ ఆయన కాలపు చట్టాలు తెలిస్తే మాత్రం చాలా తెలుస్తుంది. అగస్టస్ చక్రవర్తి పౌరుల వివాహాలను ప్రభుత్వ వ్యవహారంగా మార్చాడు. క్రీస్తుపూర్వం 18లో వచ్చిన శాసనాలు వివాహాన్ని ప్రోత్సహించి, వ్యభిచారాన్ని రాజ్యం శిక్షించే నేరంగా ప్రకటించాయి. అంతకుముందే, తమను విడదీసేలా ఉన్న ఒక శాసనం రద్దయినందుకు ప్రొపెర్టియస్ ఒక పద్యంలో సంతోషించాడు. పెళ్లాడే వీలు లేని స్త్రీని ప్రేమించిన కవికి మారుపేరు అలంకారం కాదు, అవసరం.

రెండు తలుపుల మధ్య

కృష్ణశాస్త్రి ఊర్వశికీ ఇటువంటి సామాజిక నేపథ్యం ఉంది. 20వ శతాబ్ది తొలి దశకాల్లో తెలుగునాట చదువుకున్న కుటుంబాల్లో పెళ్లిళ్లు బాల్యంలోనే జరిగిపోయేవి. వధువు ఆడపిల్లగా ఆటలాడే వయసు; వరుడు బడికి వెళ్లే కుర్రవాడు. బాలికల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా, బాలురకు 18 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో గాని రాలేదు. ఆంగ్ల కవిత్వంలో ప్రేమను చదివి కళాశాల నుంచి బయటకు వచ్చిన యువకునికి, ప్రేమించే వయసు రాకముందే ఇల్లాలు ఇంట ఉండేది. ఆమెకు చదువు అందేది కాదు. పరాయి స్త్రీతో సమానస్థాయిలో మాట్లాడే చోటు సమాజంలో లేదు.

పూర్వకాలపు శృంగార కవిత్వానికి వారకాంత ఆలంబనగా ఉండేది. క్షేత్రయ్య పదాలను తరతరాలుగా పాడి కాపాడినవారు కళావంతులే. ఆ తలుపు కూడా ఈ తరం నాటికి మూసుకుపోయింది. కందుకూరి వీరేశలింగం, ఆయన తరువాత రఘుపతి వెంకటరత్నం నాయుడు నడిపిన సంస్కరణ ఉద్యమం భోగంమేళాలను నీతిబాహ్యమని ప్రకటించింది. దాని వెనుక స్త్రీల ఉద్ధరణ అనే సదుద్దేశం ఉంది. అయితే ఆ గాలిలో పాత శృంగార సాహిత్యమంతా అనుమానాస్పదమైంది. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని 18వ శతాబ్దిలో రచించిన 'రాధికా సాంత్వనం'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురిస్తే, ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది.

కృష్ణశాస్త్రి ఈ సంస్కర్తల శిష్యుడు. వారకాంతను కీర్తించడం ఆయన మనస్సాక్షికి సమ్మతం కాదు. ఇల్లాలిపై మమకారాన్ని బహిరంగంగా పాడుకోవడం ఆ కాలపు మర్యాదకు సమ్మతం కాదు. రెండు తలుపులూ మూసిన చోట ఆ తరం కవులు మూడో స్త్రీని సృష్టించుకున్నారు. ఆమె భార్య కాదు, వేశ్య కాదు. స్నేహితురాలు, ఆరాధ్య, ఆత్మబంధువు. ఆమె నేలమీద లేదు గనుకనే ఆమెతో ఏ మాటైనా మాట్లాడవచ్చు.

దీనికి దారి వేసినవారు రాయప్రోలు సుబ్బారావు. 1913 నాటి 'తృణకంకణం'లో ఆయన పెళ్లితో ఒక్కటి కాలేకపోయిన ఇద్దరు స్నేహంలో నిలిచే కథ చెప్పి, అమలిన శృంగారమనే భావనకు రూపమిచ్చారు. ఆ తరువాత ప్రతి కవికీ ఒక నాయిక వెలసింది. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రికి హృదయేశ్వరి, అడివి బాపిరాజుకు శశికళ, నండూరి సుబ్బారావుకు ఎంకి. 'కృష్ణపక్షం' వెలువడిన 1925లోనే 'ఎంకి పాటలు' కూడా పుస్తకంగా వచ్చాయి. ఎంకి చేలల్లో తిరిగే పల్లెపడుచు, ఊర్వశి ఆకాశవాసిని. అయినా ఇద్దరూ ఒకే అవసరం నుంచి పుట్టినవారు. ఇష్టపడి ప్రేమించే స్వేచ్ఛ లేని సమాజంలో ఆ స్వేచ్ఛను కవిత్వంలోనైనా అనుభవించాలన్న కోరిక వారిద్దరికీ ప్రాణం పోసింది.

ఈ కోణంలో చూస్తే ఊర్వశిని కేవలం దివంగత భార్య జ్ఞాపకంగా వివరించడం సరిపోదు. వియోగం ఆ కవిత్వానికి లోతునిచ్చి ఉండవచ్చు. కానీ ఒక్క మనిషి మరణం ఒక తరం కవులందరికీ నాయికలను ఇవ్వలేదు. అలాగే ఆమెను కేవలం ఊహగా కొట్టివేయడమూ సరికాదు. ఆ పద్యాల్లోని ఒంటరితనం ఊహ కాదు. బంధువులను, కొలువును, ఊరును వదులుకున్న మనిషి అనుభవించిన వాస్తవం.

ఇందులో మరో పార్శ్వాన్ని కూడా గమనించాలి. ఊర్వశి పేరు తెలుగు పాఠకులందరికీ తెలుసు. ఆ రోజుల్లో కవి ఇంటిని నడిపిన ఇల్లాండ్ర పేర్లను అడిగేవారు అరుదు. మూడో స్త్రీకి ఆకాశమంత చోటిచ్చిన కవిత్వంలో, వంటింట్లో ఉన్న మొదటి స్త్రీకి చోటు తక్కువే. భావకవుల ప్రేమ స్త్రీని దేవతగా నిలబెట్టింది గాని, ఆమె తన మాట తాను చెప్పే అవకాశం ఇవ్వలేదు. సింథియా కనీసం ప్రేతరూపంలోనైనా వచ్చి కవిని ప్రశ్నించింది. ఊర్వశికి ఆ అవకాశమూ దక్కలేదు.

విమర్శల జడివాన

భావకవిత్వం వ్యాపించిన కొద్దీ ఎదురుగాలీ బలపడింది. 1928లో అక్కిరాజు ఉమాకాంతం 'నేటికాలపు కవిత్వం' అనే గ్రంథంలో ఈ కొత్త ధోరణిని శాస్త్రబద్ధంగా ఖండించారు. గిరజాల జుట్టు, కండువా, చెమ్మగిల్లిన కళ్లు, కనిపించని ప్రేయసి కోసం నిట్టూర్పులు భావకవికి గుర్తులుగా పత్రికల్లో వ్యంగ్యానికి వస్తువులయ్యాయి. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి వంటి పేరడీ నిపుణులు ఆ శైలిని సరదాగా అనుకరించారు. వారిలో చాలామంది కృష్ణశాస్త్రిని అభిమానించేవారే. అనుకరించేవారి వల్ల ఆయనకు జరిగిన హాని విమర్శకుల వల్ల జరిగిన హాని కంటే ఎక్కువ. అనుభవం లేని ఎరువు దుఃఖం పుంఖానుపుంఖాలుగా అచ్చయింది.

1929లో కృష్ణశాస్త్రి విశ్వకవి టాగూరును కలిశారు. ఆ పరిచయం ఆయన భావుకతకు మరింత బలమిచ్చింది. 1933 నుంచి 1941 వరకు కాకినాడ కళాశాలలో అధ్యాపకునిగా పనిచేశారు. అదే కాలంలో తెలుగు కవిత్వం దిశ మార్చుకుంది. ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం, స్వాతంత్ర్యోద్యమం మధ్య యువకుల దృష్టి ఆకాశం నుంచి వీధికి దిగింది. కృష్ణశాస్త్రి పద్యాలు విని పెరిగిన శ్రీశ్రీ 1930లలో 'మహాప్రస్థానం' గేయాలు రాశారు. ఒకప్పటి ఆరాధకుడే కొత్త యుగానికి నాయకుడయ్యాడు. అయినా ఇద్దరి మధ్య గౌరవం చెరిగిపోలేదు. కృష్ణశాస్త్రిని షెల్లీతో పోల్చి స్మరించుకున్నది శ్రీశ్రీయే.

ఈ దశలో కృష్ణశాస్త్రి గేయరచన వైపు మళ్లారు. ఆయన రాసిన భరతమాత స్తుతి గీతానికి మేనకోడలు వింజమూరి అనసూయాదేవి బాణీ కట్టారు. పాఠశాలల్లో, సభల్లో అది నేటికీ వినిపిస్తుంది. విషాదకవిగా ముద్రపడిన వ్యక్తి నుంచి ఇంత ఉల్లాసభరితమైన దేశభక్తి గేయం రావడం ఆయన కవిత్వపు విస్తృతికి నిదర్శనం.

ఊర్వశి నేలకు దిగిన చోటు

దర్శకుడు బి.ఎన్.రెడ్డి ఆహ్వానంతో ఆయన చలనచిత్ర రంగంలో అడుగుపెట్టారు. 1951 డిసెంబరులో విడుదలైన 'మల్లీశ్వరి'కి మాటలు, పాటలు ఆయనవే. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, భానుమతి, ఎన్.టి.రామారావు అభినయం ఆ చిత్రాన్ని తెలుగు సినిమా శిఖరాలలో ఒకటిగా నిలిపాయి. కృష్ణదేవరాయల కాలపు ఈ కథలో నాగరాజు శిల్పి, మల్లీశ్వరి అతని మరదలు. ఆమెను రాణివాసానికి తీసుకుపోవడంతో ఇద్దరూ విడిపోతారు. ఆమెను తలచుకుంటూ అతడు రాతిలో ప్రాణం పోస్తాడు.

కళాకారుడు, అందని ప్రేయసి, నిరీక్షణ అనే పాత వస్తువే ఇక్కడా ఉంది. కానీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఇక్కడి ప్రేయసి మాట్లాడుతుంది, పాడుతుంది, ఏడుస్తుంది, ధిక్కరిస్తుంది. కోట గోడల లోపల ఆమె పడే వేదన శిల్పి వేదనతో సమానంగా తెరపై కనిపిస్తుంది. పాతికేళ్ల క్రితం ఊర్వశికి లభించని గొంతును కృష్ణశాస్త్రి మల్లీశ్వరికి ఇచ్చారు. మేఘాన్ని సందేశం అడిగే పాట ఇద్దరూ కలిసి పాడుకున్నారు. ఆయన జీవితంలోని ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివితే కవి ఎంత దూరం నడిచారో తెలుస్తుంది.

ఆ తరువాత 'బంగారు పాప', 'రాజమకుటం', 'సుఖదుఃఖాలు', 'ఏకవీర' వంటి చిత్రాలకు ఆయన పాటలు రాశారు. సంఖ్యలో తక్కువైనా ఆ పాటలు భాషా సౌకుమార్యానికి ప్రమాణంగా నిలిచాయి. ఆకాశవాణి కోసం రచించిన సంగీత రూపకాలు, యక్షగానాలు, లలిత గీతాలు ఇంటింటికీ చేరాయి. ఒకప్పుడు కళాశాల విద్యార్థులకే పరిమితమైన కవి పేరు రేడియో ద్వారా గృహిణులకు, పిల్లలకు పరిచయమైంది.

మూగబోయిన గళం

1960ల తొలి భాగంలో గొంతు క్యాన్సర్ ఆయన స్వరాన్ని తీసుకుపోయింది. ఏ గొంతు ద్వారా భావకవిత్వం ఆంధ్రదేశమంతటా వ్యాపించిందో ఆ గొంతే మూగబోయింది. జీవితంలో మిగిలిన సుమారు పదిహేడేళ్లు ఆయన కాగితంపై రాసి చూపుతూ మిత్రులతో సంభాషించారు. ఆ చీటీల్లోని చమత్కారం, హాస్యం చుట్టూ ఉన్నవారిని నవ్వించేవి. విషాదాన్ని కావ్యవస్తువుగా చేసుకున్న మనిషి నిజమైన విషాదం ఎదురైనప్పుడు దాన్ని చిరునవ్వుతో మోశారు. పాటలు రాయడం ఆపలేదు. తాను పలకలేని మాటలను ఇతరుల గొంతుల్లో విని ఆనందించారు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. 1975లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1976లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించింది. 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1980 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. ఊర్వశి ఎవరన్న ప్రశ్నకు ఆయన చివరిదాకా ఒక పేరు చెప్పి ముగింపు పలకలేదు.

ఆయన మరణించిన రెండేళ్లకు, 1982లో, దాసరి నారాయణరావు 'మేఘసందేశం' చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించారు. అందులో కథానాయకుడు కవి. ఇంట అనురాగవతి అయిన భార్య ఉంది. బయట అతనిలోని కవిని మేల్కొలిపిన నర్తకి ఉంది. అక్కినేని నాగేశ్వరరావు, జయసుధ, జయప్రద ఆ ముగ్గురి పాత్రలు ధరించారు. రమేశ్ నాయుడు సంగీతం సమకూర్చిన ఆ చిత్రంలో 'కృష్ణపక్షం'లోని ప్రకృతి గీతం వినిపిస్తుంది. సంగీత దర్శకునికి, గాయనీగాయకులైన పి.సుశీల, ఏసుదాసులకు జాతీయ పురస్కారాలు లభించాయి.

1920లలో యువకవి పద్యాలలో మాటలు లేని నీడగా ఉన్న ఇల్లాలు, ఆ చిత్రంలో తన బాధను, తన ఔదార్యాన్ని తానే చెప్పుకుంటుంది. నర్తకి సైతం నిందకు గురైన వృత్తి నుంచి వచ్చిన మనిషిగా తన గౌరవాన్ని తాను నిలుపుకుంటుంది. ఆరు దశాబ్దాల్లో తెలుగు సమాజం ఆ మూడు స్థానాల్లోని స్త్రీలను చూసే తీరు ఎంత మారిందో చెప్పడానికి ఇదొక కొలమానం.

ఊర్వశి చిరునామా వెతకడం నేటికీ కొందరికి ఆసక్తికరమైన పని. దొరికినా అది సాహిత్య చరిత్రలో ఒక అధస్సూచికగా మిగులుతుంది. ప్రేమించే హక్కు లేని ఒక తరం యువకులకు ఆ హక్కును ఊహించుకునే భాషను కృష్ణశాస్త్రి ఇచ్చారు. చట్టాలు మారి, ఆడపిల్లలు చదువుకుని, ఇష్టపడిన వారిని పెళ్లాడే రోజులు కొంతమేరకైనా వచ్చాక ఊర్వశి అవసరం తగ్గింది. ఆమె కోసం అల్లిన మాటల మృదుత్వం మాత్రం తెలుగు పాటలో, తెలుగు ప్రేమలేఖలో స్థిరపడిపోయింది.